గట్టు మీది మాట

శ్రోతలకు నమస్కారం.

మా ఊరు మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద. కాలువకు నీళ్లు వదిలారంటే నాట్ల హడావుడి మొదలవుతుంది. పొద్దున్నే ఆడవాళ్ల ముఠా పొలానికి వస్తుంది. వచ్చీ రాగానే బురదలో దిగరు, గట్టు మీద నిలబడతారు. ముఠా పెద్దామె మా నాయనను అడిగే మాట నాకు చిన్నప్పటి నుంచీ గుర్తు.

"ఎకరానికి ఎంతిస్తవన్నా? నారు మేమే పీకాల్నా, పీకిపిచ్చినవా? ఇప్పుడే చెప్పు. దిగినంక పంచాయితీ వద్దు."

ఎంత, ఏ పని, డబ్బు ఎప్పుడు. ఈ మూడూ తేలాకే కుచ్చెళ్లు పైకి చెక్కి మడిలో దిగేవాళ్లు.

నేను పదకొండేళ్లుగా రాతపని మీద బతుకుతున్నాను. ఉద్యోగం కాదు, ఎవరు చెబితే వాళ్లకు రాసిపెట్టడం. దీన్ని ఫ్రీలాన్స్ అంటారు. మా అమ్మ మాత్రం చుట్టాలతో "మావోడు గుత్తకు రాస్తడు" అంటుంది. నాకు అమ్మ మాటే సరిగ్గా అనిపిస్తుంది. జీతం వేరు, కూలి వేరు, గుత్త వేరు. జీతానికి ఉన్నవాడికి ఏడాది పొడుగునా భరోసా. కూలికి పోయినవాడికి పొద్దుగూకితే డబ్బు. గుత్త పట్టినవాడికి పని ఒప్పజెప్పాకే లెక్క. కథలు, కవితలు రాయడం వచ్చిన పిల్లలు చాలామంది ఈ తేడా తెలియకుండానే రాతపనిలోకి వస్తున్నారు. నేనూ అలాగే వచ్చాను.

నాకు దొరికిన మొదటి పెద్ద పని ఒక సంస్థ చరిత్ర రాయడం. పాతికేళ్ల సంచిక వేస్తున్నామన్నారు. డబ్బు సంగతి ఎత్తబోతే "అది మేం చూసుకుంటాం కదా" అన్నారు. రెండు నెలలు తిరిగాను. పెద్దవాళ్లను కలిశాను, పాత ఫొటోలు వెతికాను, బస్సు చార్జీలు నావే. సంచిక అచ్చయింది. వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆ శాలువా ఇంకా ఇంట్లోనే ఉంది, చలికాలం బాగా పనికొస్తుంది. డబ్బు రాలేదు. అడగడానికి నాకు మొహం చెల్లలేదు. సరస్వతికి ధర కట్టడమేమిటని ఒక బిడియం. మడి గట్టు మీద ఆ అక్కకు లేని బిడియం నాకెందుకో చాన్నాళ్లు తోచలేదు.

జిల్లాల్లో ఉంటే రాతపని ఏం దొరుకుతుంది అంటారు. దొరుకుతుంది. రిటైరయ్యే పంతులుగారికి సన్మాన పత్రం, బడి వార్షిక సంచిక, గుడి స్థలపురాణం, యూట్యూబ్ ఛానల్‌కు స్క్రిప్టు, విత్తనాల కంపెనీ కరపత్రానికి అనువాదం, ఎన్నికలొస్తే పాటలు. ఇవన్నీ గొప్ప సాహిత్యమని నేననను. కానీ సన్మాన పత్రం చులకన పని అనుకునేవాళ్లు ఒకటి రాసి చూడండి. ముప్పై ఏళ్ల నౌకరీని ఒక్క పేజీలో పెట్టాలి. అబద్ధం ఉండకూడదు, ముందు వరుసలో కూర్చున్న భార్యాపిల్లల కళ్లు చెమర్చాలి.

గట్టు మీద తేల్చుకోవాల్సిన వాటిలో మొదటిది రేటు. ఇక్కడ తెలుగులో రాసేవాళ్లకు ఒక చిక్కుంది. మాటకు ఇంత అని లెక్క కడతారు. ఈ పద్ధతి ఇంగ్లిషుకు సరిపోతుంది. మన భాషలో మాటలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. "చెప్పలేకపోయినందుకు" మనకు ఒకటే మాట, ఇంగ్లిషులో చెప్పాలంటే ఆరేడు మాటలు కావాలి. వెయ్యి మాటల ఇంగ్లిషు కాగితాన్ని తెలుగు చేస్తే మాటల లెక్క బాగా తగ్గిపోతుంది. తెలుగు మాటలు లెక్కపెట్టి డబ్బిస్తామంటే మన పని అంతే ఉండి కూలి మాత్రం తగ్గుతుంది. అందుకే అనువాదానికి నేను మూలంలో ఉన్న మాటలే లెక్కపెడతాను. సొంతంగా రాసేదైతే పేజీకి, స్క్రిప్టయితే నిమిషానికి. ఎన్నిసార్లు దిద్ది ఇవ్వాలో కూడా ముందే చెప్పుకోవాలి. నేను రెండుసార్లు దిద్దుతాను, మూడోసారికి వేరే లెక్క. లేకపోతే ప్రెసిడెంటు గారు చూశారు, సెక్రటరీ గారు చూశారు, ఇక వాళ్ల బావమరిది చూడాలి అంటారు.

రెండోది హక్కు. కాపీరైట్ చట్టం 1957 నాటిది. రాసిన క్షణం నుంచే రచన మీద హక్కు రాసినవాడిదే, రిజిస్టర్ చేయించాలన్న నియమం లేదు. రచయిత పోయాక కూడా 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. జీతానికి ఉండి రాస్తే మామూలుగా యజమానిది. గుత్తకు రాస్తే, వేరే ఒప్పందం లేకపోతే, మనదే. ఆ హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే కాగితం మీద రాసి సంతకం చేయాలి, నోటిమాట చెల్లదు. ఆ కాగితంలో ఎన్నాళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అనీ, ఎంత మేరకో రాయకపోతే భారతదేశం వరకే అనీ చట్టం అర్థం చేసుకుంటుంది. కొందరు పంపే ఒప్పందంలో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని ఊరికే ఉండదు. సంతకానికి ముందు ఆ రెండు మాటలు ఎక్కడున్నాయో వెతకండి. ఇవ్వకూడదని కాదు, ఇస్తే దానికి తగ్గ ధర అడగాలి.

కంపెనీలు పది శాతం పన్ను పట్టుకుని డబ్బు వేస్తే కంగారు పడకండి. అది మీ పాన్ నంబర్ మీద జమ అవుతుంది. మీ ఆదాయానికి పన్ను పడకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. జీఎస్టీ టెన్షన్ ఏడాది రాబడి 20 లక్షలు దాటాక పెట్టుకుందాం.

ఇంకో చిన్న సంగతి. మనం ఫోన్‌లో కొట్టే తెలుగు యూనికోడ్ అనే పద్ధతిలో ఉంటుంది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఏ డీటీపీ సెంటర్‌కు వెళ్లినా చాలావరకు అను అనే వేరే పద్ధతి ఫాంట్లే. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చేటప్పుడు ఒత్తులు రాలిపోతాయి. అచ్చుకు పోయేముందు ప్రూఫు ఒకసారి మీ కళ్లతో చూడాల్సిందే.

ఇదంతా గుత్తపని సంగతి. దాంతోపాటు సొంత రాత కూడా ఉండాలి. రోజంతా ఒకరి మడిలో నాటేసినా మా అమ్మమ్మ సాయంత్రం తన చెలకలో ఒక సాలైనా కలుపు తీసేది. ఆమెది కల్వకుర్తి వైపు, వాన పడితేనే పంట. మా తాత ఊరి గుంపుతో వలసపోయి నాగార్జునసాగర్ కట్టే చోట రాళ్లు మోశాడు. ఆ పని 1955 డిసెంబరులో మొదలైంది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆయన మోసిన రాళ్ల వెనక నిలిచిన నీళ్లే మా నాయన పొలానికి వచ్చాయి. తాత చెలకకు మాత్రం రాలేదు. ఈ సంగతి రాయమని నాకు ఎవరూ చెప్పలేదు, డబ్బిస్తామనీ అనలేదు. ఆదివారం పొద్దున రెండు గంటలు పెట్టుకుని మూడేళ్లు రాశాను. ఆశ్చర్యమేమిటంటే, అది చదివినవాళ్లే నాకు తర్వాత మంచి పనులు ఇచ్చారు. సన్మాన పత్రాలు చూసి నన్ను వెతుక్కుంటూ వచ్చినవాళ్లు తక్కువ.

ఎవరూ చెప్పకుండానే సొంతంగా రాయడం మన దగ్గర కొత్త కాదు. 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టి రకరకాల కలం పేర్లతో తానే రాశారు. తెలంగాణలో కవులే లేరని ఒకరంటే, 1934లో 354 మంది కవులతో ఒక సంచిక అచ్చువేసి చేతిలో పెట్టారు. ఇంకొకరెవరో పని చెప్పేదాకా ఆగి ఉంటే ఆ సంచిక వచ్చేది కాదు.

సొంత రాతకు నేను ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. అందులో ఎక్కువగా మా అమ్మ మాటలే. కైకిలి, కంచె, ఏతులు, యాష్ట. రైతులకు పంచే కరపత్రంలో ఒకసారి "కూలి" తీసేసి "కైకిలి" అని రాస్తే, తీసుకున్నాయన చివరిదాకా చదివి గానీ మడవలేదు.

ఈ ప్రసంగానికి పిలిచినప్పుడు కూడా ఎన్ని నిమిషాలు, ఎప్పటికి ఇవ్వాలి, ఎంత ఇస్తారు అని అడిగాను. అవతలివాళ్లు నవ్వి చెప్పారు. రాత్రి ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. చివరిదాకా విని, "ఎంతిస్తరంట?" అంది. చెప్పాను.

"మరి నా మాటలు గిన్ని వెట్టుకున్నవ్ గద బిడ్డా. అండ్ల నా పాలెంత?"

ఇంకా తేల్చుకోలేదు. సెలవు.