రంగం వెళ్ళొచ్చాం, కానీ ఈ వీడియోలో ఒక్క మనిషి మొహం కూడా కనిపించదు

అందరికీ నమస్తే అండీ, సింగపూర్ నుంచి మళ్ళీ మీ ముందుకు వచ్చాను. రంగం అంటే ఒకప్పటి రంగూన్ అండీ, ఇప్పుడు యాంగోన్ అంటున్న మయన్మార్ (పాత బర్మా) నగరం. ఈసారి వీడియోలో రోడ్లు కనిపిస్తాయి, తిండి కనిపిస్తుంది, దూరం నుంచి పగోడా శిఖరాలు కనిపిస్తాయి. మనుషులు మాత్రం కనిపించరు. బ్లర్ చేయలేదండీ, అసలు తీయనే లేదు. ఎందుకో ఈ వీడియో మొత్తంలో అదే చెప్పబోతున్నాను.

ముందు ఎందుకు వెళ్ళామో చెప్తాను. మా అమ్మ వాళ్ళ తాతగారు రంగం వెళ్ళి రేవులో మూటలు మోసిన మనిషి. శ్రీకాకుళం, విశాఖ, కాకినాడ వైపు వాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. ఏ పాత పెంకుటింట్లో కూర్చున్నా, రంగం డబ్బుతో కొన్న పొలం గురించో, రంగం వెళ్ళి తిరిగిరాని పెదనాన్న గురించో ఒక కథ వినిపిస్తుంది. 1931 జనాభా లెక్కల్లో ఈ నగరంలో సగానికి పైగా మన దేశం వాళ్ళే ఉన్నారు. రేవు పని ఎక్కువగా మన తెలుగు కూలీలదే. 1942లో జపాన్ వాళ్ళు వచ్చినప్పుడు లక్షల మంది అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చేశారు, దారిలో ఎంతోమంది పోయారు. మా ముత్తాత అలా నడిచి వచ్చినవాడే. మా పెద్దమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట: "మూడు గంటల విమానమే కదే, ఆ రేవు ఓపాలి వీడియో తీసి చూపించవే."

అంత తేలిగ్గా వెళ్ళొచ్చే దేశం కాదండీ ఇప్పుడది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసింది. ఆ తర్వాత సైన్యం చేతిలో చనిపోయిన మామూలు జనం, ఉద్యమకారులే 6,000 మందికి పైగా అని అక్కడి రాజకీయ ఖైదీల సంఘం 2025 నాటికే లెక్క కట్టింది. ఊళ్ళ మీద విమానాలతో బాంబులు వేస్తున్నారు. అలాంటి చోటికి టూరిస్టుగా వెళ్ళి, నా డబ్బు వాళ్ళకిచ్చి, "ఎంత బాగుందో చూడండి" అని వీడియో పెట్టడం తప్పా కాదా? మా ఇంట్లో చాలా రోజులు ఇదే చర్చ. మా ఆయన వద్దనే అన్నారు. నేను పెద్దమ్మ కోసం వెళ్దామన్నాను. కానీ చుట్టరికం ఉన్నంత మాత్రాన తప్పు ఒప్పు అయిపోదని నాకూ తెలుసు.

ఈ ప్రశ్న అక్కడ కొత్తది కాదు. 1996ని అప్పటి సైనిక ప్రభుత్వం "విజిట్ మయన్మార్ ఇయర్" అని ప్రకటించింది. ఆ ఏర్పాట్ల కోసం మాండలేలో రాజకోట చుట్టూ ఉన్న కందకాన్ని జనంతో వెట్టిచాకిరీ చేయించి బాగు చేయించారు. అప్పుడు సైన్యాన్ని ఎదిరించిన ప్రజాస్వామ్య నాయకురాలు ఆంగ్ సాన్ సూకీ, ఆవిడ పార్టీ "ఇప్పుడు రాకండి, మీ డబ్బు సైన్యానికి చేరుతుంది" అని ప్రపంచాన్ని అడిగారు. పదిహేనేళ్ళ తర్వాత, గుంపులుగా ప్యాకేజీల్లో కాకుండా విడిగా వచ్చి మామూలు జనం దగ్గర ఖర్చు పెట్టేవాళ్ళు రావచ్చని అదే పార్టీ చెప్పింది. 2017లో ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యా ముస్లింలు సైన్యం దాడులకి బంగ్లాదేశ్‌కి పారిపోయారు. దాని మీద కేసు పడితే, అప్పుడు ప్రభుత్వంలో ఉన్న ఆవిడే 2019లో హేగ్ అంతర్జాతీయ కోర్టుకి వెళ్ళి సైన్యం తరఫున నిలబడటం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. 2021లో ఆవిడే ఆ సైన్యం చేతిలో బందీ అయ్యారు. దేశం లోపల రమ్మనో వద్దనో జనం తరఫున బహిరంగంగా చెప్పగలిగిన నోళ్ళన్నీ నొక్కేశారు.

సరే, డబ్బు సంగతికి వద్దాం. మాకు ఈ-వీసాకి మనిషికి 50 అమెరికా డాలర్లు పడ్డాయి, మన లెక్కలో నాలుగు వేల రూపాయల పైనే. అది నేరుగా ఆ ప్రభుత్వానికే. దాన్ని తప్పించుకునే దారి లేదు, కాబట్టి "నా డబ్బు ఒక్క రూపాయి కూడా వాళ్ళకి పోలేదు" అని ఏ వ్లాగర్ చెప్పినా నమ్మకండి. మిగతా ఖర్చులో మనకి కొంత చేయి ఉంటుంది. ఒక కుటుంబం నడిపే చిన్న గెస్ట్‌హౌస్‌లో దిగాం. మైటెల్ సిమ్ కొనలేదు, అందులో సైన్యానికి వాటా ఉంది. అక్కడ ఏ హోటల్లో చూసినా కనిపించే మయన్మార్ బీర్ కూడా సైన్యం కంపెనీదే. జపాన్ కంపెనీ కిరిన్ అందులో భాగస్వామిగా ఉండి, 2021 సైనిక కుట్ర తర్వాత తప్పుకుంది. ఇక డాలర్ మార్చడం. మేము వెళ్ళినప్పుడు డాలర్‌కి ప్రభుత్వం కట్టిన రేటు 2,100 క్యాట్లు (అక్కడి డబ్బు), బయట బజారు రేటు దానికి రెట్టింపు. ప్రభుత్వ రేటుకి మార్చుకుంటే నా డాలర్‌లో సగం విలువ ఎటు పోతుందో మీకే అర్థమవుతుంది. నేను ఎక్కడ మార్చానో మాత్రం అడగకండి. చెప్తే ఇబ్బంది నాకు కాదు, మార్చి ఇచ్చినవాళ్ళకి.

పొద్దున్నే రేవు చూద్దామని బయలుదేరాం. రోడ్డు మీదికి రాగానే మా అబ్బాయి ఆశ్చర్యపోయాడు, ఒక్క స్కూటర్ లేదు! యాంగోన్ నగరంలో చాలా చోట్ల మోటార్‌సైకిళ్ళు నిషేధం. ఇంకో వింత చూడండి. బండ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి, కానీ చాలా కార్లకి స్టీరింగ్ కూడా కుడివైపే, మన కార్లలాగా. 1970లో ఉన్నట్టుండి ఎడమ నుంచి కుడికి మార్చేశారు, కార్లేమో ఎక్కువగా జపాన్ నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్‌వి. ముందు లారీ ఉంటే డ్రైవర్‌కి ఎదురుగా ఏం వస్తుందో కనిపించదు, పక్క సీట్లో ఉన్నవాళ్ళు చూసి చెప్పాలి. ఆ పని మా ఆయన చేశారు.

దారిలో టీ కోసం ఆగాం. చిన్న చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళు, బల్ల మీద ఫ్లాస్కులో ఉచితంగా గ్రీన్ టీ. డబ్బా పాలతో చేసిన చిక్కటి టీ మన లెక్కలో ముప్ఫై రూపాయలు. సింగపూర్‌లో హాకర్ సెంటర్ టీ కూడా వంద రూపాయలు పడుతుంది. ఆ టీ ఎత్తి పోస్తుంటే బాగుందనిపించి ఫోన్ బయటికి తీశాను, ఇంకా కెమెరా తెరవనే లేదు. టీ పోస్తున్న అబ్బాయి గిన్నె పట్టుకునే వెనక్కి తిరిగాడు. పక్క బల్ల దగ్గర కుర్రాడు టోపీ కిందికి లాక్కుని, సగం టీ అలాగే వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. ఎవరూ కోప్పడలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. ఫోన్ బ్యాగులో పెట్టేశాను.

మన ఊళ్ళో ఫోన్ ఎత్తితే పిల్లలంతా ముందుకొచ్చి చేతులూపుతారు, పెద్దవాళ్ళు చీర సర్దుకుని "టీవీలో వస్తుందా?" అని అడుగుతారు. నేను అలాంటి చోట పెరిగాను, నా ఛానల్ మొత్తం అలాంటి నవ్వుల మీదే నడిచింది. మయన్మార్‌లో అయితే 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమల్లో పెట్టారు. 18 నుంచి 35 ఏళ్ళ మగపిల్లలు ఎవరినైనా పట్టుకెళ్ళొచ్చు. ఫేస్‌బుక్ 2021 నుంచి మూసేశారు. మూసేసిన సైట్లు తెరవడానికి వాడే వీపీఎన్‌ని అనుమతి లేకుండా పెట్టడం మీద 2025లో చట్టం తెచ్చారు. రోడ్డు మీద ఆపి ఫోన్లో ఏం లైక్ కొట్టావో చూస్తారు. అలాంటి ఊళ్ళో ఏ కుర్రాడు ఏ రోజు ఎక్కడ కూర్చుని టీ తాగాడో నా వీడియో చెప్పేస్తే? నేను సాయంత్రానికి విమానం ఎక్కగలను. అతను ఎక్కలేడు.

2021లో ఆ సైనిక కుట్ర జరిగిన పొద్దున మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. రాజధాని నేపిడాలో ఒక ఏరోబిక్స్ టీచర్ ఎప్పటిలాగే డాన్స్ వీడియో తీసుకుంటుంటే, వెనకాల నల్ల బండ్లు వరసగా పార్లమెంటు వైపు వెళ్ళడం అందులో పడింది. ప్రపంచమంతా షేర్ చేసింది. ఆ దేశంలో కెమెరాలో ఏం పడుతుందో, పడినది ఎవరి మెడకి చుట్టుకుంటుందో తీసేవాళ్ళకి కూడా తెలియదండీ.

ఫోన్ లోపల పెట్టాక ఒక పెద్దావిడ నా బొట్టు చూసి దగ్గరికి వచ్చింది. "ఏటమ్మా, ఏ ఊరు బిడ్డవి?" అంది. అచ్చంగా మా అమ్మమ్మ మాట! నాకు కాసేపు నోట మాట రాలేదు. సింగపూర్‌లో తెలుగు వాళ్ళకి కొదవ లేదు, కానీ ఆ యాసలో నన్ను "బిడ్డ" అని పిలిచి ఎన్నేళ్ళయిందో. ఆవిడ ఎవరో, ఆ టీ కొట్టు ఏ వీధిలో ఉందో నేను చెప్పను. ఒక్క సంగతి మాత్రం చెప్తాను, ఎందుకంటే అలాంటి కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. 1964లో సైనిక ప్రభుత్వం దుకాణాలన్నీ జాతీయం చేసి, పెద్ద నోట్లు రద్దు చేసినప్పుడు ఆవిడ చుట్టాలు చాలామంది ఓడెక్కి విశాఖ వచ్చేశారు. మన విశాఖలో బర్మా క్యాంపు ఉంది చూడండి, అలా వచ్చినవాళ్ళదే. ఆవిడ వాళ్ళు మాత్రం ఉండిపోయారు. తర్వాత 1982 పౌరసత్వ చట్టం వచ్చి, అక్కడే పుట్టిన ఇలాంటి వాళ్ళని కూడా పూర్తి పౌరులుగా చూడకుండా చేసింది.

రేవు సంగతి అడిగితే, "రేవుకేటి, ముందు గోంగూర తినండి" అంది. నిజంగా గోంగూరేనండీ! చిన్‌బౌంగ్ అంటారు. బజారులో కట్టలు కట్టలు. ఎండురొయ్యలు, పచ్చిమిర్చి, వెల్లుల్లి వేసి వేయించి అన్నంలోకి పెడతారు. గోంగూర ఎండురొయ్యలు అనగానే గోదావరి వాళ్ళకి నోరూరుతుందని తెలుసు. అక్కడ వెదురు కొమ్ములు కూడా వేస్తారు, ఆ పులుపుకి అవి భలే కలుస్తాయి. మా అబ్బాయి సింగపూర్‌లో గోంగూర ముట్టడు, అక్కడ రెండుసార్లు పెట్టించుకున్నాడు. సింగపూర్ లిటిల్ ఇండియాలో చిన్న కట్ట మూడు సింగపూర్ డాలర్లు, దాదాపు రెండొందల రూపాయలు. యాంగోన్‌లో ఆ డబ్బుతో మేమందరం తిన్నాం. గోంగూర ప్లేటు వీడియో ఇదిగో, ఇది చూపించడానికి ఎవరి భయమూ లేదు.

అలా మధ్యాహ్నం అంతా తిండి దగ్గరే అయిపోయింది. స్ట్రాండ్ రోడ్ దాటి నది ఒడ్డుకి చేరేసరికి పొద్దు వాలింది. రేవు, సైనికులు, ప్రభుత్వ భవనాలు తీయకూడదు. తీస్తే మనతో మాట్లాడినవాళ్ళని ప్రశ్నించొచ్చు. కాబట్టి పెద్దమ్మా, రేవు వీడియో లేదు. తిరిగొచ్చాక ఫోన్లో గంటసేపు వర్ణించి చెప్పాను. నది ఎంత వెడల్పో, నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో, మూటలు ఇప్పటికీ మనుషులే మోస్తున్నారో లేదో అన్నీ అడిగింది. కొన్నిచోట్ల మోస్తున్నారు.

ఇప్పుడు మీలో చాలామంది మెసేజ్‌లలో అడిగిన ప్రశ్న. "అక్కా, అక్కడ సేఫేనా?" "చాలా సేఫ్, జనం చాలా మంచివాళ్ళు, వచ్చేయండి" అని చెప్పే వీడియోలు బోలెడున్నాయి. జనం మంచివాళ్ళే. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి నగరంలో పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు కూడా. కానీ "సేఫ్" అన్న మాట నా నోటితో చెప్పించుకోవడమే ఆ ప్రభుత్వానికి కావాలి. టూరిస్టు తెచ్చే డాలర్ల కంటే ఆ మాట వాళ్ళకి విలువైనది. అందుకే మామూలు టూరిస్టు కంటే వ్లాగర్ ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని నా నమ్మకం. టూరిస్టు ఖర్చు పెట్టి వెళ్ళిపోతాడు. వ్లాగర్ వీడియో ఏళ్ళ తరబడి ప్రకటనలా తిరుగుతూనే ఉంటుంది.

ఒక ట్రావెల్ ఏజెన్సీ బగాన్ ట్రిప్ ఉచితంగా ఇస్తామంది. హోటల్, డ్రోన్ షాట్లకి పర్మిషన్, అన్నీ వాళ్ళే చూసుకుంటారట. మన లెక్కలో లక్ష రూపాయల పైమాటే. బగాన్ అందం గురించి చెప్పక్కర్లేదు, వేల గుళ్ళు, 2019లో యునెస్కో జాబితాలో కూడా చేరింది. కానీ ఆ పాత గుళ్ళ మధ్య డ్రోన్‌లో ప్రశాంతంగా కనిపించే ఖాళీ జాగాలో 1990 దాకా ఒక ఊరు ఉండేది. సైనిక ప్రభుత్వం ఆ జనాన్ని ఇళ్ళు ఖాళీ చేయించి, కొన్ని కిలోమీటర్ల అవతల కొత్త బగాన్ అని పెట్టి అక్కడికి తోలేసింది. అది తెలిశాక ఆ షాట్ తీసి, వెనకాల వేణువు సంగీతం పెట్టడం నా వల్ల కాదు. వద్దని చెప్పేశాను. ఈ వీడియో మీద యాడ్స్ కూడా ఆపేశాను.

"అయితే చైనా వెళ్ళవా, గల్ఫ్‌లో మనవాళ్ళు లేరా?" అని అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. అన్ని దేశాలకీ ఒకటే జవాబు నా దగ్గర లేదు. నేను చూసుకునేవి రెండే: నేను చూపించేది ఎవరు డబ్బిచ్చి చూపించమంటున్నారు, నేను వెళ్ళిపోయాక నా వీడియో వల్ల ఎవరి తలుపు కొడతారు. పెద్దమ్మ కోరిక లేకపోతే ఇప్పుడు వెళ్ళేదాన్ని కాదు. కేవలం సెలవులకి వెళ్తామంటే, నన్నడిగితే, ఇప్పుడు వద్దనే చెప్తాను. సొంతవాళ్ళని చూడటానికి వెళ్ళేవాళ్ళని మాత్రం నేనెలా ఆపగలను?

ఒక్క మాట అండీ. మీ ఇళ్ళలో రంగం వెళ్ళినవాళ్ళ కథలుంటే కింద రాయండి. ఏ ఊరి నుంచి, ఏ ఏడు వెళ్ళారో, 1942లో నడిచి వచ్చారో, 1964 తర్వాత ఓడలో వచ్చారో రాయండి, అన్నీ చదువుతాను. కానీ ఇప్పుడు అక్కడున్న మీ చుట్టాల పేర్లు, వాళ్ళ వీధులు, ఫోటోలు మాత్రం దయచేసి పెట్టొద్దు. పెడితే వెంటనే తీసేస్తాను, కోపం తెచ్చుకోకండి.