మన తరఫున ఎవరు మాట్లాడతారు?

శ్రోతలకు నమస్కారం.

ఐసీయూ బయట కూర్చున్నవాళ్ళకి ఈ ప్రశ్న తెలుసు. డాక్టరుగారు బయటికొచ్చి, "వెంటిలేటర్ పెట్టమంటారా?" అంటారు. పెద్దకొడుకు చెల్లెలి వంక చూస్తాడు. ఆమె అమ్మ వంక చూస్తుంది. అమెరికాలో ఉన్న చిన్నవాడు "నేను వచ్చేదాకా ఎలాగైనా ఉంచండి" అని ఫోన్లో ఏడుస్తుంటాడు. లోపలున్న మనిషికి ఏం కావాలో ఎవరికీ తెలీదు. ఎప్పుడూ అడగలేదు మరి.

అరుణా శాన్‌బాగ్ గురించి చెప్పాలి. కర్ణాటకలోని హల్దీపూర్ అమ్మాయి, ముంబై కెఈఎం ఆస్పత్రిలో నర్సు. 1973 నవంబరు 27న అదే ఆస్పత్రిలో పనిచేసే వార్డుబాయ్ ఒకడు కుక్క గొలుసు మెడకు బిగించి ఆమె మీద అఘాయిత్యం చేశాడు. మెదడుకు ఆక్సిజన్ అందలేదు. అప్పటికి ఆమెకు పాతికేళ్ళు. ఇక మాట లేదు, నడక లేదు.

తల్లిదండ్రులు పోయారు. ఆస్పత్రి నర్సులు మాత్రం వదల్లేదు. ఒక తరం రిటైరైతే మరో తరం వచ్చింది. తినిపించారు, ఒళ్ళు తుడిచారు, పక్క మార్చారు. ఆమె చేసే శబ్దాన్ని బట్టి ఏం కావాలో పోల్చుకునేవారు. ముప్ఫై ఏడేళ్ళు మంచాన ఉన్నా ఒంటి మీద పుండు పడలేదు. ఒక్క పుండు కూడా పడలేదు! మంచానపడ్డవాళ్ళకి సేవ చేసినవాళ్ళకి తెలుస్తుంది అదెంత కష్టమో.

ఆమె కథను పుస్తకంగా రాసిన జర్నలిస్టు పింకీ విరానీ సుప్రీంకోర్టుకెళ్ళారు. ఇక తినిపించడం ఆపి, ఆమెను పోనివ్వమని అడిగారు. నర్సులు ససేమిరా అన్నారు. 2011 మార్చి 7న కోర్టు ఆ కోరికను తోసిపుచ్చింది. అరుణ తరఫున మాట్లాడాల్సింది ఇన్నేళ్ళూ సాకిన ఆస్పత్రి సిబ్బందే అంది. అయితే కోలుకోలేని రోగులకు, హైకోర్టు అనుమతితో, ప్రాణాధార చికిత్స ఆపడానికి అదే తీర్పులో దారి ఇచ్చింది. అరుణ 2015 మే 18న న్యుమోనియాతో కన్నుమూశారు.

పోనివ్వమన్నదీ ప్రేమతోనే, ఉంచుతామన్నదీ ప్రేమతోనే. నేనైతే ఎవరినీ తప్పుపట్టలేను. కానీ అరుణ ఏం కోరుకునేదో? అడిగే వీలే లేకపోయింది.

మనకు ఆ వీలుంది. కోలుకోలేని స్థితిలో, మాట్లాడలేకపోతే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే కాగితాన్ని లివింగ్ విల్ అంటారు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు దాన్ని గుర్తించింది. అప్పట్లో మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, 2023లో సులువు చేశారు. పద్దెనిమిదేళ్ళు నిండి, తెలివితో ఉన్నవాళ్ళు ఎవరైనా రాసుకోవచ్చు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు చాలు. మనసు మారితే మార్చుకోవచ్చు.

ఒక భయం తీర్చాలి. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం ఇప్పటికీ నేరమే. ఇది అది కాదు. చికిత్స వల్ల ఫలితం లేదని డాక్టర్ల బోర్డులు రెండు తేల్చాకే దాన్ని ఆపుతారు. నొప్పి తగ్గించే మందులు ఆపాల్సిన పని లేదు.

కాగితం కంటే ముందు ఇంట్లో మాట్లాడండి. నాన్నగారిని "మీకేం కావాలి?" అని అడగడం అపశకునం కాదు. మీ తరఫున మాట్లాడేవాళ్ళ పేర్లు రాయండి, వాళ్ళకు చెప్పి మరీ రాయండి. ఒక కాపీ వాళ్ళకి, ఒకటి మీ ఫ్యామిలీ డాక్టరుకి ఇవ్వండి. బీరువాలో పెట్టి తాళం వేసుకుంటే, అవసరమైన రాత్రి అది ఎవరి చేతికీ దొరకదు.