తాబేలు గుడ్లు, రొయ్యల వల: స్టూడియో చర్చ

సంధానకర్త: నమస్కారం. తీరంలో మనుషులూ వన్యప్రాణులూ ఒకే వనరు మీద బతకడం గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. మడ అడవులు, డాల్ఫిన్లు, పగడపు దిబ్బలు అన్నీ ఉన్నాయి గానీ, నేను తాబేలును దాటనివ్వను. అరగంటకు అదే ఎక్కువ. మనతో ఒక సముద్ర జీవశాస్త్రవేత్త, మత్స్యకార సంఘం పెద్ద ఉన్నారు. పెద్దాయనా, తాబేలు వలలో పడితే మీకేమవుతుంది?

సంఘం పెద్ద: వల చిరుగుతుంది, దాని బరువుకు పట్టిన సరుకు నలుగుతుంది. కావాలని ఎవరూ పట్టరండీ. ఒడ్డున తాబేలు చచ్చి కనిపిస్తే మాత్రం అందరూ మా వైపే చూస్తారు.

శాస్త్రవేత్త: తాబేలుకు మొప్పలు ఉండవు. గాలి కోసం పైకి రావలసిందే. ట్రాల్ వల గంటల తరబడి అడుగున సాగుతూ ఉంటే లోపల చిక్కినది ఊపిరాడక చనిపోతుంది. ఉద్దేశం లేకపోయినా ప్రాణం పోతోంది కదా, పెద్దాయనా.

సంఘం పెద్ద: కాదనను. అయితే మాకు ‘ముట్టుకోవద్దు’ అన్న ఒక్క మాటే చెబుతారు. ముట్టుకోకుండా సముద్రం మీద బతకడం ఎలాగో ఎవరూ చెప్పరు.

సంధానకర్త: ముట్టుకోనిచ్చిన చోటు ఒకటి ఉంది. కోస్టారికాలోని ఒస్తియొనాల్ తీరం. అక్కడ తాబేలు గుడ్లు ఏరుకోవడం 1987 నుంచి చట్టబద్ధం. నమ్మడం కష్టమే.

శాస్త్రవేత్త: నమ్మవచ్చు, కారణం ఉంది. అక్కడ ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేల సంఖ్యలో ఒకేసారి ఒడ్డుకు వస్తాయి. చోటు చాలదు. ఆలస్యంగా వచ్చినవి ముందు వచ్చినవాటి గూళ్లను తవ్వి పాడుచేస్తాయి. ఎలాగూ పోయే గుడ్లు కాబట్టి తొలి 36 గంటల్లో గ్రామస్థులు తీసుకోవచ్చు. బదులుగా ఒడ్డును శుభ్రం చేస్తారు, దొంగతనంగా ఏరేవాళ్లు రాకుండా కాపు కాస్తారు, తాబేలు పిల్లలు సముద్రంలోకి వెళ్లేదాకా కాపాడతారు.

సంఘం పెద్ద: మరి అదే పని అన్ని చోట్లా చేయవచ్చు కదమ్మా?

శాస్త్రవేత్త: చేయకూడదు. మలేషియాలో తెరెంగాను తీరం ఏమైందో చూడండి. 1950లలో ఏటా వేల గూళ్లు పెట్టిన లెదర్‌బ్యాక్ తాబేళ్లు ఈ శతాబ్దం మొదలయ్యేసరికి వేళ్ల మీద లెక్కపెట్టేంతకు పడిపోయాయి. వలలూ కారణమే, గుడ్లు ఏరడమూ కారణమే. మోసం ఎక్కడుందంటే, గుడ్డు పోయిన ఏడాది ఏమీ తెలియదు. ముసలి తల్లులు ఇంకా వస్తూనే ఉంటాయి కాబట్టి తీరం నిండుగా కనిపిస్తుంది. పిల్ల పెద్దదై తిరిగి రావడానికి పదేళ్ల పైనే పడుతుంది. లెక్క తేలేసరికి చేయడానికి మిగిలేది తక్కువ.

సంధానకర్త: ఈ మాట నన్ను భయపెట్టింది. ఇప్పుడు వల దగ్గరికి వద్దాం. తాబేలు తప్పించుకునేందుకు వలలో పెట్టే టెడ్ అనే పరికరం గురించి.

శాస్త్రవేత్త: వల లోపల ఏటవాలుగా ఒక చువ్వల జాలీ పెడతారు. రొయ్య చువ్వల మధ్య నుంచి వెనక్కి పోతుంది. తాబేలు జాలీకి తగిలి, పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది.

సంఘం పెద్ద: తాబేలు పోయే కంతలోంచి పెద్ద చేపా పోతుంది. ఆ నష్టం ఎవరి లెక్కలో రాస్తారు? నన్ను అడిగితే గొడవంతా అక్కడే ఉంది.

సంధానకర్త: ఆయన మాట తేలిగ్గా తీసేయలేం. టెడ్ వాడని దేశాల రొయ్యలు కొనబోమని అమెరికా 1989లో చట్టం చేసింది. భారత్, మలేషియా, పాకిస్థాన్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. 1998 తీర్పు తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశాన్ని తప్పు పట్టలేదు. అమలులో వివక్ష ఉందంది. కరీబియన్ దేశాలకు మూడేళ్ల గడువూ సాంకేతిక సాయమూ ఇచ్చి, ఆసియా దేశాలకు నాలుగు నెలలే ఇచ్చారు.

సంఘం పెద్ద: నాలుగు నెలలా! ఒక వల అల్లి, దాన్ని చేతికి అలవాటు చేసుకోవడానికే చాలవు.

శాస్త్రవేత్త: అది అన్యాయమే, ఒప్పుకుంటాను. కానీ ఒక సంగతి చెప్పాలి. అమెరికా ప్రభుత్వ నిపుణులు మొదట తయారుచేసిన టెడ్ బరువుగా, బోనులా ఉండేది. అక్కడి రొయ్యల వేటగాళ్లూ మీలాగే తిట్టారు. చివరికి నిలిచిన నమూనాల్లో ఒకటి జార్జియా రాష్ట్రంలోని సింకీ బూన్ అనే వేటగాడిది. ఆయన దాన్ని తాబేళ్ల కోసం చేయనే లేదు. వలలో నిండిపోయే జెల్లీ చేపలను వదిలించుకోవడానికి 1960లలో చేసుకున్నాడు.

సంఘం పెద్ద: (నవ్వుతూ) అదీ మాట. జెల్లీ చేపలతో మాకూ చేతులు మండుతాయి. ఆ జాలీ బొమ్మ ఉంటే ఇటు ఇవ్వండమ్మా, చువ్వల మధ్య ఎంత ఎడం పెట్టాడో చూస్తాను.