తొట్టిలో నత్తలు పెరిగిపోయాయా? ఒక్కరోజులో కడిగెయ్యకండి

నమస్కారమండి. ఇదిగో, రెండడుగుల చేపల తొట్టి. లైటు వెయ్యలేదు, టార్చి కొడుతున్నాను, అద్దం మీద చూడండి. ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఈ మూల... అన్నీ నత్తపిల్లలే. వీటిని తగ్గించాలి, చేపలు మాత్రం పోకూడదు. ఈ రెండో సగమే అసలు పని.

ముందు ఏ నత్తో చూద్దాం. ఇదిగో, సన్నగా, గుడ్డు ఆకారంలో, గుల్ల మీద మచ్చలతో ఉంది కదా, ఇది బ్లాడర్ నత్త. గుండ్రంగా చుట్ట చుట్టుకున్నది రామ్స్‌హార్న్. పొడుగ్గా, మొనదేలి, ఐస్‌క్రీం కోను బోర్లించినట్టున్నది ట్రంపెట్. మొదటి రెండూ గుడ్లు పెడతాయి. ఈ ఆకు వెనక్కి తిప్పుతున్నాను చూడండి, నానబెట్టిన సబ్జా గింజల్లోంచి నల్లచుక్క తీసేస్తే ఎలా ఉంటుందో అలా, జిగురుగా. అవే గుడ్లు. మన వేడికి వారం, పది రోజుల్లో పిల్లలైపోతాయి. ట్రంపెట్ గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, పగలంతా ఇసకలో ఉంటుంది. వీటిలో ఏదైనా సరే, ఒక్కటి మిగిలినా మళ్ళీ మందవుతుంది. జంట అక్కర్లేదండి వాటికి. కాబట్టి ఒక్కటీ మిగలకుండా ఏరేద్దామన్న ఆలోచన వదిలెయ్యండి.

నత్తలు ఎందుకు పెరిగాయి? మేత ఎక్కువైంది. అంతే. చెరువులున్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, రొయ్యల చెరువులో చెక్ ట్రే ఎందుకు పెడతారు? మేత మిగిలిందా లేదా చూడ్డానికే కదా. ఇంట్లో తొట్టికి కూడా అదే చెయ్యండి. ఇదిగో, చిన్న సాసరు, కాఫీ కప్పు కిందది. ఇలా అడుగున పెట్టేసి, మేత సరిగ్గా దాని మీద పడేలా వెయ్యండి. మూడు నిమిషాలయ్యాక చూడండి. సాసర్లో గింజ మిగిలిందంటే రేపు అంత తగ్గించాలి. అడుగున తినే చేపలుంటే ఇంకో రెండు నిమిషాలివ్వండి. పెద్ద చేపలైతే వారానికో రోజు పస్తు పెట్టినా ఏం కాదు, చేపపిల్లల్ని మాత్రం పస్తు పెట్టకండి. ఈ సాసరు ఒక్కటీ పెడితే సగం పని అయిపోయినట్టే. మిగతాదంతా ఏరుకోవడమే.

ఏరడం ఎలాగంటే, సొరకాయ ముక్క. బీరకాయైనా పర్లేదు. రెండు నిమిషాలు వేడినీళ్ళలో వేసి తీసి, స్టీలు చెంచాకి గుచ్చి, ఇలా... మునిగింది. లైటు ఆపేశాక పెట్టాలి. పొద్దున్నే తీసెయ్యాలి, అదీ వెంటనే. ఎండ ఎక్కేదాకా ఉంచితే ముక్క కుళ్ళుతుంది, నత్తలు దిగిపోతాయి, పైగా నీళ్ళు పాడు. చూడండి, ఇది ఒక్క రాత్రికి పట్టింది. బకెట్లో వేసేశాను. గుడ్లకేమో పాత ఏటీఎం కార్డు, అద్దం మీద ఇలా గీకడమే. బ్లేడు కంటే నాకు ఇదే ఇష్టం, మూలల సిలికాన్ కోసుకుపోదు.

ఇలా వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు వారాలు. ఎందుకు మూడు వారాలంటే, ఇవాళ మీకు కనపడని గుడ్లు వచ్చే వారం పిల్లలౌతాయి, అవి ఆ పై వారం కంటికి ఆనతాయి.

సరే, ఇప్పుడు ఎక్కువమంది చేపల్ని పోగొట్టుకునే చోటుకి వచ్చాం. కొంచెం నెమ్మదిగా చెప్తాను.

నత్తలు చూసి చిరాకేసి ఆదివారం పూట అంతా కడిగేస్తారు. నీళ్ళు మొత్తం తీసేస్తారు, గులకరాళ్ళు వేడినీళ్ళలో వేస్తారు, ఫిల్టరు స్పాంజి తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండుతారు. తొట్టి మెరిసిపోతుంది. బుధవారానికల్లా చేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి. గురువారం రెండు పోతాయి. పోయిన చేప మీద నత్తలు మూగి ఉంటాయి, ఇంకేముంది, నత్తలే తినేశాయంటారు. నత్త చంపలేదండి. చచ్చాక వచ్చింది.

జరిగిందేంటంటే, ఇదిగో ఈ స్పాంజి, ఈ గోధుమరంగు జిడ్డు, దీంట్లోనే చేప వదిలే అమ్మోనియాని తినే బ్యాక్టీరియా ఉంటుంది. మునిసిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ తగిలితే అది చస్తుంది. మళ్ళీ పట్టడానికి నెల, నెలన్నర. ఈలోగా అమ్మోనియా తినేవాళ్ళు లేరు. పైగా మన బోరు నీళ్ళ పీహెచ్, అంటే నీళ్ళు పులుపో క్షారమో చెప్పే కొలత, చాలాచోట్ల 8 దగ్గర ఉంటుంది. అమ్మోనియా అంతే ఉన్నా, పీహెచ్ 7 నుంచి 8కి వెళ్తే దాంట్లో విషపు వాటా దాదాపు పది రెట్లౌతుంది. వేడి పెరిగినా పెరుగుతుంది. అందుకని మన దగ్గర ఈ తప్పు చేస్తే దెబ్బ గట్టిగానే తగుల్తుంది.

కాబట్టి స్పాంజి ఎలా కడగాలి? తొట్టిలోంచి తీసిన నీళ్ళే బకెట్లో ఉన్నాయి కదా, దాంట్లో. ఒకటి, రెండు, మూడు పిసుకుళ్ళు. చాలు. ఇంకా మురికిగానే ఉంది చూడండి, అలాగే ఉండాలి. మళ్ళీ చెప్తున్నాను, అలాగే ఉండాలి. స్పాంజి కడిగిన రోజు ఇసక ముట్టుకోకూడదు. ఇసక ముట్టుకున్న రోజు స్పాంజి కడక్కూడదు. ట్రంపెట్లు ఉన్నాయని ఇసక లాగాల్సి వస్తే వారానికి మూడో వంతు, అంతే.

నీళ్ళు మార్చడం మీకు తెలిసిందే, గబగబా చెప్పేస్తాను. తొట్టి 60, 30, 30 సెంటీమీటర్లు, గుణిస్తే 54 లీటర్లు, ఇసకా పైన ఖాళీ తీసేస్తే 45. అందులో పావు వంతు, అంటే 11 లీటర్లు తీసి, అంతే పొయ్యాలి. కుళాయి నీళ్ళైతే ఒకరోజు బకెట్లో ఎయిర్‌స్టోన్, అదే గాలి బుడగలొచ్చే రాయి, వేసి ఉంచండి. ఎండాకాలం కాలువలు కట్టేసిన నెలల్లో బ్లీచింగ్ వాసన ముక్కుకి కొడితే హైపో వాడండి, సోడియం థయోసల్ఫేటు, హేచరీలకి అమ్మేదే. 10 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి సీసాలో పెట్టుకుంటే 10 లీటర్ల బకెట్‌కి ఒకటిన్నర మిల్లీలీటరు చాలు. పొయ్యడానికి సెలైన్ గొట్టం. ఇదిగో, చక్రం తిప్పితే చుక్కచుక్కగా పడుతుంది, చేప బెదరదు. మందుల షాపులో కొత్తది తీసుకోండి, వాడింది వద్దు. ఆర్వో నీళ్ళు మాత్రం ఒట్టివే పొయ్యకండి, దాంట్లో లవణాలు పెద్దగా ఉండవు, పీహెచ్ నిలబడదు.

మందు వెయ్యొచ్చు కదా అంటారు. మైలతుత్తం, అదే కాపర్ సల్ఫేటు. చెరువు గట్టున్న ఇళ్ళలో డబ్బా ఎప్పుడూ ఉంటుంది కదా, ఒక చిటికెడు వేస్తే పోలా? లెక్క చూద్దాం. చిటికెడంటే అర గ్రాము అనుకోండి, ఆ మైలతుత్తంలో రాగి పావు వంతు, అంటే 125 మిల్లీగ్రాములు. 45 లీటర్లలో అది లీటరుకి 2.8 మిల్లీగ్రాములు. చేపల జబ్బులకి రాగి వాడితే లీటరుకి 0.2 మిల్లీగ్రాముల దగ్గర ఆపుతారు, అదీ రోజూ కొలుచుకుంటూ. అంటే మీ చిటికెడు 14 రెట్లు. నత్తలు పోతాయి నిజమే, చేపలూ పోతాయి, రొయ్యలైతే చెప్పనే అక్కర్లేదు. ఒకవేళ చేపలు తట్టుకున్నాయే అనుకోండి, ఇసకలో చచ్చిన రెండొందల నత్తలు కుళ్ళి మళ్ళీ అదే అమ్మోనియా.

నత్తల్ని తినే చేప తెచ్చేద్దామంటే, యోయో లోచ్ తింటుంది, నిజమే. కానీ గుంపుగా ఉండాలి, రెండడుగుల తొట్టి దానికి చాలదు. పీ పఫర్ నత్తలతో పాటు పక్క చేపల రెక్కలూ కొరుకుతుంది. నన్నడిగితే సొరకాయే నయం.

చేపల ఆరోగ్యం పొద్దున్నే, లైటు వెయ్యకముందు చూడండి. ఇదిగో చూడండి, మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నాయో లెక్కపెట్టి రాసుకోండి, మామూలు రోజున ఎంతో తెలిస్తేనే పెరిగిందని తెలుస్తుంది. పైకొచ్చి నోరు తెరుస్తున్నా, రెక్కలు ఒంటికి అంటించుకున్నా మేత ఆపి వెంటనే మూడో వంతు నీళ్ళు మార్చండి. కరెంటు పోయిన రాత్రి తర్వాతైతే ముందు గాలి పెట్టండి, బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాల్సిందే. అమ్మోనియా కొలిచే కిట్టు భీమవరం, పాలకొల్లు వైపు ఆక్వా మందుల షాపుల్లో అడగండి, ఉప్పునీళ్ళకి కాదు, మంచినీళ్ళ తొట్టికి పనికొచ్చేదేనా అని కూడా అడగండి.

నత్తలే ఒక్కోసారి ముందు చెప్తాయి. ట్రంపెట్ మొప్పలతో ఊపిరి తీసుకుంటుంది, పగలు ఇసకలోంచి రాదు. పట్టపగలు పదీ ఇరవై అద్దం మీదకి ఎక్కాయంటే అడుగున గాలి లేదు, లేదా నీళ్ళు చెడ్డాయి. బ్లాడర్ నత్త పైకొస్తే కంగారు పడొద్దు, అది మామూలుగానే పైగాలి పీలుస్తుంది. చేప ఒంటి మీద తెల్ల మచ్చలు, రవ్వ చల్లినట్టు, డిసెంబరు, జనవరి చలికి వస్తాయి. దానికి నత్తలకీ సంబంధం లేదు. హీటరుతో నెమ్మదిగా 30 డిగ్రీలకి తేవడం, లీటరుకి 2 గ్రాముల కళ్ళుప్పు, మొక్కలుంటే ఉప్పు వద్దు.

మళ్ళీ రాకుండా ఉండాలంటే మొక్కల దగ్గర జాగ్రత్త. కాలువలోంచి నాచు, అంతరతామర తెచ్చి నేరుగా వెయ్యకండి, కాలువ నత్తలతో చేపలకి పట్టే పురుగులు కూడా వస్తాయి. షాపు మొక్కైనా సరే మూడు వారాలు విడిగా బకెట్లో ఉంచి, పుట్టిన పిల్లల్ని ఏరేసి, అప్పుడు వెయ్యండి.

ఇక ఈ బకెట్లో ఏరిన నత్తలు. కాలువలో పొయ్యొద్దు, డ్రైనేజీలో అసలొద్దు. మందు వెయ్యని తొట్టివైతే, పెరట్లో బాతులుంటే ముందు పోసెయ్యండి, ఆయ్, నిమిషంలో ఖాళీ. బాతులు లేకపోతే గుల్లలతో సహా చితక్కొట్టి కొబ్బరి చెట్టు మొదట్లో పూడ్చెయ్యండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.