ఖాళీ పిడికిలి, నిండు బిందె: నాణెం మాయమైందని ఎలా నమ్మించాలి?

నమస్కారం. ఒక మాట నన్ను చాలా కాలంగా బాధిస్తోంది. నాణెం మాయమవడం చూసిన ప్రతివాళ్లూ అదే అంటారు: "అబ్బ, చేయి ఎంత వేగం! కంటికి అందలేదు." చూసేవాళ్లు అంటే పరవాలేదు. నేర్చుకునేవాళ్లు కూడా అదే నమ్మి, నెలల తరబడి వేగం కోసమే సాధన చేస్తున్నారు. ఈ విద్యకు మన భాషలో ఉన్న పేరే గమనించండి: హస్తలాఘవం. లాఘవం అంటే ఒడుపు, తేలికదనం. హస్తవేగం అని ఎవరూ అనలేదు.

[కుడి చేతి నుంచి ఎడమ చేతికి నాణెం విసురుగా మార్చినట్టు చూపిస్తూ]

ఇప్పుడు మీ చూపు ఎక్కడికి వెళ్లింది? నా కుడి చేతికే. అప్పటిదాకా నిదానంగా ఉన్న చేయి ఒక్కసారిగా దూకితే, రహస్యం ఫలానా క్షణంలో జరిగిందని మనమే చాటింపు వేసినట్టు.

పామింగ్, అంటే నాణేన్ని చేతిలోనే కనబడకుండా దాచడం, మీకు వచ్చు కాబట్టి దాని జోలికి పోను. నాణేన్ని ఎడమ చేతిలో పెట్టినట్టే పెట్టి, కుడి చేతి వేళ్లలో దాచుకుంటాం. ఈ ఒక్క ఎత్తునే చూద్దాం.

చంకన నీళ్ల బిందెతో నడుస్తున్న మనిషిని తలుచుకోండి. లోపలి నీళ్లు మనకు కనిపించవు. అయినా బిందె నిండుగా ఉందని దూరం నుంచే తెలిసిపోతుంది. నడుము ఒక పక్కకు ఒరుగుతుంది, రెండో చేయి ఎడంగా ఊగుతుంది, అడుగు ఆచితూచి పడుతుంది. ఖాళీ బిందెతో అచ్చం అదే నడక నడవగలిగితే, అందులో నీళ్లు లేవని ఎవరికీ అనుమానం రాదు. మీ ఎడమ పిడికిలే ఆ ఖాళీ బిందె.

ఆ నడక ఎలా వస్తుంది? ముందు నిండు బిందె మోయాలి. అంటే నాణేన్ని నిజంగానే ఎడమ చేతిలో పెట్టాలి, పదిసార్లు, ఇరవైసార్లు.

[కెమెరాకు దగ్గరగా, నెమ్మదిగా]

చూడండి. నాణెం అరచేతిని తాకాకే వేళ్లు ముడుచుకుంటున్నాయి, అంతకుముందు కాదు. చిటికెన వేలు ముందు, చూపుడు వేలు చివర. పిడికిలి బిగుసుకోలేదు, లోపల నాణెం పట్టేంత చోటు మిగిలింది. ఇక కుడి చేయి పని ముగించుకుని, కాస్త వదులుగా, తనంతట తాను కిందికి జారింది.

ఇప్పుడు కొత్తవాళ్లు చేసే తీరు. ఎడమ పిడికిలి రాయిలా బిగుసుకుంటుంది, లోపల నాణేనికి చోటే ఉండదు. కుడి చేతి బొటనవేలు కర్రలా నిలబడుతుంది. నాణెం ఏ చేతిలో ఉందో ఆ బొటనవేలే చెప్పేస్తుంది. నా దృష్టిలో ఇది అన్నిటికన్నా పెద్ద తప్పు. ఎందుకంటే అందరూ మాయం చేసే చేతినే సాధన చేస్తారు, దాచుకున్న చేతిని పట్టించుకోరు. బిందె మోస్తున్నప్పుడు రెండో చేయి ఎలా ఊగుతుందో గుర్తు చేసుకోండి. దాచుకున్న చేతికి ఒక చిన్న పని చెప్పండి. బల్ల మీది పెన్ను అందుకోమనండి. వేళ్లు ముడుచుకుని ఉండటానికి ఒక కారణం దొరుకుతుంది.

తర్వాతది చూపు. మీరు దేన్ని చూస్తే ప్రేక్షకులు దాన్నే చూస్తారని స్కాట్లాండ్ ఐంద్రజాలికుడు జాన్ రామ్సే నేర్పేవాడు. దీన్ని బలపరిచే పరిశోధన నాకు చాలా ఇష్టం. 2006లో గుస్తావ్ కున్, మైఖేల్ ల్యాండ్ ఒక బంతితో పరీక్ష చేశారు. ఐంద్రజాలికుడు బంతిని రెండుసార్లు నిజంగా పైకి విసిరి, మూడోసారి విసిరినట్టు నటించాడు. అతను పైకి చూసినప్పుడు, చూసినవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది బంతి పైకి వెళ్లడం చూశామన్నారు. తన చేతినే చూసినప్పుడు మూడింట ఒక వంతే. చేతిలో ఉన్న బంతిని గాలిలో చూపించింది అతని చూపు! కాబట్టి నాణెం వెళ్లిన దారినే మీ కళ్లూ వెళ్లాలి. ఎడమ పిడికిలిని ఒక్క క్షణం చూసి, తలెత్తి ఎదుటివాళ్ల కళ్లలోకి చూడండి. పిడికిలినే గుడ్లప్పగించి చూడకండి. బిందె మోసే మనిషి అడుగడుక్కీ బిందెలోకి తొంగి చూడడు కదా.

సమయం దాటిపోతోంది, మిగిలినవి గబగబా చెబుతాను.

శబ్దం. "కింగ్ ఆఫ్ కాయిన్స్"గా పేరొందిన అమెరికన్ టి. నెల్సన్ డౌన్స్ గాలిలోంచి నాణేలు అందుకుని టోపీలో వేసేవాడు. ఇలాంటి అంశాల్లో పై చేతిలో కనిపించే నాణెం చేతిలోనే ఉండిపోతుంది. టోపీని పట్టుకున్న చేయి ముందే దాచుకున్న మరో నాణేన్ని లోపల జారవిడుస్తుంది. ఆ ఖంగుమన్న చప్పుడే సాక్ష్యం, బిందెలో నీళ్లు తొణికినట్టు.

సాధన. అద్దాన్ని పూర్తిగా నమ్మకండి. సరిగ్గా రహస్యం జరిగే క్షణంలో మనకు తెలియకుండానే రెప్ప వేస్తుంటాం. ఫోనులో వీడియో తీసుకుని చూడండి.

చివరిది, వ్యవధి. పిడికిలి మూయగానే తెరిస్తే, చూసినవాళ్ల ఆలోచన వెంటనే ఒక్క అడుగు వెనక్కి వేసి కుడి చేతిని పట్టేస్తుంది. ఆగండి. ఒక ప్రశ్న అడగండి, జవాబు విననివ్వండి. ఆ సమయంలో కుడి చేయి పెన్నుతో పాటు బల్ల కిందికో, జేబు దగ్గరికో వెళ్లి నాణేన్ని వదిలించుకుంటుంది. అప్పుడు ఎడమ చేతి వేళ్లు ఒక్కొక్కటిగా విప్పండి, చూపుడు వేలు ముందు, చిటికెన వేలు చివర. మీరు కూడా లోపలికి చూడండి, నాణెం లేదని మీకూ అప్పుడే తెలిసినట్టు.

[ఖాళీ అరచేయి, కెమెరా వైపు]