సైడు చక్రాల కబుర్లు: లైసెన్సు అన్నాం, పార్కింగులో ఇరుక్కున్నాం

అప్పన్న: అవుతుందేటి రికార్డు?

గౌరి: ఎప్పుడో మొదలైంది అన్నియ్యా. నువ్వు గొంతు సవరించుకున్నదీ పడింది.

అప్పన్న: పడనీ. నమస్కారం అందరికీ. సిక్కోలు, అదే శ్రీకాకుళం నుంచి నేను, విజయనగరం మూడు లాంతర్ల కాడ నుంచి మా గౌరమ్మ. ఉప్మా గురించి మాటాడకూడదని గౌరి ముందే ఒట్టేయించుకుంది.

గౌరి: మాట్లాడకు మరి. ఈ వారం లైసెన్సు. పొందూరు తమ్ముడొకడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఎడం కాలు పోలియో, సైడు చక్రాల స్కూటీ కొనుక్కున్నాడు. లైసెన్సు ఇస్తారా, ఇవ్వరా అని వాళ్ళ వీధిలో ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్తున్నారట.

అప్పన్న: ఇస్తారు. అయిపోయింది. ఇంక పార్కింగు...

గౌరి: ఆగు! 1988 మోటారు వాహనాల చట్టం, 8వ సెక్షన్. మామూలు బండికి పనికిరావని తేలినా, నీ ఒంటికి తగ్గట్టు మార్చిన బండి నడపగలవని వాళ్ళకి నమ్మకం కుదిరితే దానికి లైసెన్సు ఇవ్వచ్చని అందులోనే ఉంది. ముందు ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు. అది ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాత టెస్టుకి వెళ్ళచ్చు. టెస్టు నీ బండి మీదే, ఆ సైడు చక్రాలతోనే.

అప్పన్న: బ్రేకు ఇనస్పెక్టరు ముందు ఎనిమిది కొట్టడమే, అదే ఎనిమిది అంకెలా బండి తిప్పడం. మూడు, నాలుగు చక్రాల బండి మామూలు స్కూటీలా ఒరగదు గదా, మలుపు పెద్దదవుద్ది. ఆ సుట్టు ఎంత ఉండాలో టేపెట్టి కొలిస్తే...

గౌరి: టేపు బయటికి తీశావంటే నేను లేచిపోతాను. ఇంకోటి చెప్పాలి, అసలు చిక్కంతా ఇక్కడే. మనోళ్ళు సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం శాతం రాసిచ్చే కాగితం, పట్టుకుని వెళ్ళిపోతారు. పింఛనుకి శాతం ఎంత ఎక్కువుంటే అంత మంచిదని 80 రాయించుకుని, అదే కాగితం లైసెన్సు కౌంటర్లో గర్వంగా పెడతారు. సదరం చెప్పేది నీకు ఎంత లోపం ఉందో. ఇక్కడ కావాల్సింది నువ్వు బండి నడపగలవా లేదా అన్న సంగతి. దానికి 1ఎ ఫారం వేరే ఉంది, డాక్టరు సంతకం చెయ్యాలి. ఏ కాలు, ఏ చెయ్యి, ఎలాంటి బండి నడుపుతావో ఆయనకి విడమరిచి చెప్పు. స్కూటీ ఫోటో ఫోన్లో ఉంటే చూపించు.

అప్పన్న: అది బాగా సెప్పావు. వినపడనోళ్ళ సంగతి కూడా సెప్పు.

గౌరి: చెవుడు ఉన్నవాళ్ళకీ లైసెన్సు ఇవ్వచ్చు. 2011లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది, తర్వాత కేంద్రం కూడా రాష్ట్రాలకి రాసింది. ఇక...

అప్పన్న: ఇక పార్కింగు.

గౌరి: ఆర్సీ ఉంది ఇంకా!

అప్పన్న: ఆర్సీ ఎక్కడికీ పోదు. మొన్న మావోళ్ళ పిల్ల పెళ్ళికెళ్ళాను. హాలు పేరొద్దు. గేటు పక్కనే నీలం బోర్డు, చక్రాల కుర్చీ బొమ్మ, కింద పసుపు గీత. మురిసిపోయాను. దగ్గరికెళ్తే అందులో జనరేటరు బండి, దాన్ని ఆనుకుని మోటారు సైకిళ్ళు, ఆ పక్కన వంటోళ్ళ డేగిసాలు!

గౌరి: నువ్వేం చేశావో నాకు తెలుసు.

అప్పన్న: కొలిసాను. తొమ్మిదడుగులు కూడా లేదు. ఎంతుండాల?

గౌరి: [నవ్వు] నువ్వే చెప్పు. నీ పండగ.

అప్పన్న: మూడు పాయింట్ ఆరు మీటర్లు! దగ్గరదగ్గర పన్నెండడుగులు. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో రాసుంది. గుమ్మానికి 30 మీటర్ల లోపుండాల. ర్యాంపు ఒకటికి పన్నెండు, అంటే అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండడుగుల పొడవు. ఆ హాలు ర్యాంపు మీద బియ్యం బస్తా పెడితే దానంతటదే కిందకొచ్చేస్తాది.

గౌరి: ఆ వెడల్పు ఎందుకో కూడా చెప్పు. జనాలు అది కారు పెద్దదని ఇచ్చారనుకుంటారు. కారు కోసం కాదు, తలుపు కోసం. నా కారులో బ్రేకు, యాక్సిలేటరు చేతి లివరుకే ఉన్నాయి, కాబట్టి నడపడంలో ఏ ఇబ్బందీ లేదు. దిగడం దగ్గరే గొడవంతా. కాలిపర్, అంటే నా కాలికి కట్టుకునే ఊత పట్టీ, మోకాలి దగ్గర లాకు పడాలంటే కాలు బారుగా చాపాలి. తలుపు పూర్తిగా తెరుచుకుంటేనే కాలు చాపగలను. పక్క కారు జానెడు దూరంలో ఉంటే లాకు పడదు, లాకు పడకపోతే లేవలేను. చక్రాల కుర్చీ అయితే దించి తిప్పుకోడానికి ఇంకా చోటు కావాలి.

అప్పన్న: అదీ! అందుకే అంటున్నాను. ఆ గీతలో వేరే బండి కనపడితే గాలి తీసెయ్యాల.

గౌరి: నేను ఒప్పుకోను.

అప్పన్న: ఏటి?

గౌరి: వెయ్యి మంది వచ్చే పెళ్ళిలో రెండు చోట్లు రాత్రంతా ఖాళీగా ఉంచమంటే ఏ వాచ్‌మనూ ఉంచలేడు. పెట్టుకోనీ. తాళం మాత్రం వాచ్‌మన్ దగ్గర ఉండాలి. మనం వెళ్తే తీస్తాడు.

అప్పన్న: తాళం ఇచ్చేవోడెవడు సెల్లీ? కొత్త బుల్లెట్టు కొన్నోడు వాచ్‌మన్ చేతికి తాళమిచ్చి భోజనానికెళ్తాడా? ఇలా ఖాళీగా ఉందని ఊరుకుంటే రేపు ఆ బోర్డుకే తోరణాలు కట్టెస్తారు.

గౌరి: ఇప్పుడు మాత్రం ఏం జరుగుతోంది? నువ్వు అరిచావు, బండి తీశారా?

అప్పన్న: తీసారు.

గౌరి: ఎంతమంది గుమిగూడారు?

అప్పన్న: గుమిగూడనీ! సిగ్గు మనకెందుకు?

గౌరి: నీకు లేదు. నేను వెళ్ళి "బాబూ, కాస్త తీయండి" అంటే, వాడు ముందు నా మొహం చూస్తాడు, తర్వాత కింద కాలు చూస్తాడు, ఆ తర్వాత తీస్తాడు. పట్టుచీర కట్టుకుని పెళ్ళికొచ్చిన మనిషి కాలు చూపించి చోటు అడుక్కోవాలా? దానికంటే దూరంగా పెట్టుకుని నడుస్తాను.

అప్పన్న: నువ్వు నడవగలవు. చక్రాల కుర్చీలో వచ్చినోడు?

గౌరి: "నడవగలవు" అని నువ్వనకు అన్నియ్యా. నువ్వు అనకూడదు ఆ మాట.

[కాసేపు మాటల్లేవు]

అప్పన్న: ...సరే. అనను.

గౌరి: తాళం మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.

అప్పన్న: తీసుకోకు. నేనూ గాలి మాట తీసుకోను. టీ తాగుతావా?

గౌరి: వద్దు. ఆర్సీ చెప్పేస్తాను, టైమైపోతోంది. సైడు చక్రాలు బిగించాక ఆ మార్పు ఆర్సీలో ఎక్కించాలి. 52వ సెక్షన్, 14 రోజుల్లోగా తెలపాలి. వెల్డింగు షాపులో బిగించి అలాగే తిరిగేస్తుంటారు. ఎక్కించకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్సు వాళ్ళు ముందు అడిగేది అదే. ఇన్సూరెన్సుకీ మార్పు సంగతి రాసిచ్చి రసీదు ఉంచుకోండి.

అప్పన్న: టోలు కూడా ఉండదు. మడపాం కాడ ఒకడు నన్ను...

గౌరి: నీది స్కూటీ! టూవీలర్‌కి టోలెక్కడుంది?

అప్పన్న: సూత్రం సెప్తున్నాను.

గౌరి: సూత్రం ఏంటంటే, దివ్యాంగులకోసం ప్రత్యేకంగా తయారుచేసిన కార్లకి జాతీయ రహదారి టోలు లేదు. మడపాం అయినా నాతవలస అయినా అంతే. కానీ గేటు దగ్గర కాలు చూపిస్తే వదలరు, ఆర్సీలో ఉండాలి, మినహాయింపు ఫాస్టాగ్ తీసుకోవాలి. 2020 నుంచి రిజిస్ట్రేషన్ ఫారంలో యజమాని రకం దగ్గర దివ్యాంగులు అని విడిగా రాసుకునే వీలొచ్చింది. కొనేటప్పుడే షోరూంలో అడిగి అది రాయించండి.

అప్పన్న: బొబ్బిలి నుంచి ఒకాయన అడిగాడు. ఎడం కాలే పోయింది, ఆటోమేటిక్ కారు కొంటున్నాడు. క్లచ్చే లేదు గదా, మార్పులెందుకని.

గౌరి: తెలివైన ప్రశ్న. కుడి కాలు గట్టిగా ఉంటే నడపడానికి మార్పేమీ అక్కర్లేదు. కొనకముందే డాక్టరుకీ ఆర్టీవో ఆఫీసుకీ ఈ ముక్క చెప్పి, లైసెన్సు మీద ఏం రాస్తారో కనుక్కోమను. కొన్నాక కాదు.

అప్పన్న: అరసవల్లి రథసప్తమికి పార్కింగు గురించి కూడా...

గౌరి: అది వేరే ఎపిసోడ్.

అప్పన్న: రెండు నిమిషాలు. గుడి దారిలో ఆ మలుపు కాడ వెడల్పు...

గౌరి: కొలిచావా?

అప్పన్న: కొలవకుండా మాటాడతానా? సూడు, ఇక్కడ రాసుకున్నాను...

గౌరి: ఆ కాగితం ఉప్మా పొట్లం కదూ?

అప్పన్న: ఒట్టు నువ్వే తప్పావు! రికార్డయింది! అందరూ విన్నారు...