మొర పెట్టుకోవడం కూడా విశ్వాసమే

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

కష్టాల్లో విశ్వాసం గురించి మాట్లాడమన్నారు. ఈ అంశం ఇస్తే మామూలుగా బైబిల్లోని కీర్తనల గ్రంథం నుంచి ధైర్యం చెప్పే 23వ కీర్తనో, 91వ కీర్తనో తీస్తాం. నేను 88వ కీర్తన తీస్తున్నాను. మీలో చాలామంది దీని మీద ప్రసంగం విని ఉండరు. ఎందుకో చదివితే తెలిసిపోతుంది. 18 వచనాలే. ఎజ్రాహీయుడైన హేమాను రచించాడని పైన రాసి ఉంటుంది. ‘నాకు రక్షణకర్తవగు దేవా’ అని మొదలుపెడతాడు. ఇక ఊరటనిచ్చే మాట అదొక్కటే. ఆ తర్వాత అంతా బాధే. నా ప్రాణం ఆపదలతో నిండిపోయింది అంటాడు, నన్నెందుకు విడిచిపెట్టావు, నీ ముఖం ఎందుకు దాచుకున్నావు అని దేవుణ్ణే నిలదీస్తాడు. ఇలా బాధతో మొరపెట్టే మిగతా కీర్తనల్లో చాలావాటిలో చివరికొచ్చేసరికి ఎక్కడో ఒక మలుపు వస్తుంది, గొంతు తేటపడి స్తుతిలోకి వెళ్తుంది. ఇందులో ఆ మలుపు రాదు. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అనే మాటతో కీర్తన అయిపోతుంది.

ఇది ఎవరో రాసుకుని పెట్టెలో దాచుకున్న కాగితం కాదు. ప్రధానగాయకునికి ఇచ్చిన పాట. అంటే ఆరాధనలో పదిమందీ కలిసి పాడడానికి ఇచ్చిందన్నమాట. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఇలాంటి మొరలే. మన పాటల పుస్తకాల్లో వీటి వాటా ఎంతో మీరే చూసుకోండి.

దేవుడి మీద ఆధారపడుతున్నానంటే కన్నీళ్ళు తుడుచుకుని, నవ్వు ముఖం పెట్టుకుని, ‘అంతా ఆయనే చూసుకుంటాడండీ’ అనాలని మనకెలాగో అలవాటైపోయింది. లోపల టెన్షన్‌తో నిద్ర పట్టదు, బయటికి మాత్రం హల్లెలూయ. నా దృష్టిలో మన విశ్వాసాన్ని లోలోపల తినేసేది కష్టం కంటే ఈ నటనే. అమ్మ మీద కోపం వచ్చిన పసివాడు ఆ అమ్మ ఒళ్ళోనే కూర్చుని, ఆ అమ్మనే కొడతాడు. హేమాను చేసింది అదే. రాత్రివేళ నీ ఎదుటే మొరపెడుతున్నాను అన్నాడు. దేవుడి మీద ఫిర్యాదు దేవుడికే ఇచ్చాడు. నమ్మకం పోయినవాడు ఆ పని చేయడు.

ఏలీయా ప్రవక్త సంగతి చూద్దాం. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం. కర్మెలు కొండ మీద బయలు అనే దేవత తరఫున వచ్చిన 450 మంది ప్రవక్తల ఎదుట ఒక్కడే నిలబడ్డవాడు, ఆకాశం నుంచి అగ్ని దిగిరావడం కళ్ళారా చూసినవాడు, యెజెబెలు రాణి చంపిస్తానని ఒక్క కబురు పంపేసరికి ప్రాణభయంతో పరుగెత్తాడు. బెయేర్షెబాలో తన దాసుణ్ణి వదిలేశాడు. ఈ చిన్న వివరం మనం గమనించకుండా వెళ్ళిపోతాం. బాగా కుంగిపోయినవాళ్ళు ముందు చేసే పని అదే, పక్కనున్న ఆ ఒక్క మనిషిని కూడా వదిలించుకోవడం. ఒంటరిగా ఒక దినప్రయాణమంత దూరం అరణ్యంలోకి వెళ్ళి, ఒక చెట్టు కింద కూలబడి, ఇంతమట్టుకు చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు.

దేవుడు ఏం చేశాడో చూడండి. ‘నిన్నగాక మొన్ననే అంత అద్భుతం చూశావు కదా, నీ విశ్వాసం ఏమైంది?’ అనలేదు. వాక్యం ఎత్తి చూపించలేదు. పడుకోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే తలదగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డితో నీళ్ళు ఉన్నాయి. తిన్నాడు, తాగాడు, మళ్ళీ పడుకున్నాడు. రెండోసారీ దూత వచ్చి ‘నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది, నీవు లేచి భోజనము చేయుము’ అన్నాడు. నీ శక్తికి మించిందని దేవుడి తరఫున వచ్చినవాడే ఒప్పుకున్నాడు! మనమేమో ఒకరినొకరం ‘నువ్వు తట్టుకోగలవు, ధైర్యంగా ఉండు’ అని తోసేస్తుంటాం.

నలభై రోజుల తర్వాత హోరేబు కొండ దగ్గర గానీ దేవుడు అతణ్ణి ప్రశ్న అడగలేదు. ఏలీయా తన బాధ చెప్పాడు, ఇంకోసారి అడిగితే అవే మాటలు మళ్ళీ చెప్పాడు. దేవుడు రెండుసార్లూ విన్నాడు. విన్నాకే, నువ్వొక్కడివే మిగిలావనుకుంటున్నావు గానీ బయలుకు మొక్కనివాళ్ళు ఇంకా 7,000 మంది ఉన్నారని చెప్పి, తోడుగా ఎలీషాను చూపించాడు.

ఈ మాట వింటున్నవాళ్ళలో ఎవరికైనా ‘ఇక చాలు’ అనిపిస్తూ ఉంటే, మీరు విశ్వాసం నుంచి జారిపోయినట్టు కాదు. అలా అనిపించిన ప్రవక్త పేరు బైబిల్లో ఉంది. కానీ ఆ ఆలోచనతో ఈ రాత్రి ఒంటరిగా మాత్రం ఉండొద్దు. ఇంట్లోవాళ్ళకో, స్నేహితుడికో, పాస్టర్ గారికో ఈరోజే చెప్పండి. డాక్టర్‌ని కలవండి. మందు వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టు అనేవాళ్ళున్నారు. అపొస్తలుడైన పౌలు తన పత్రికలో తన తోటి పనివాడైన లూకాను ప్రియుడైన వైద్యుడు అన్నాడు. కడుపు జబ్బుతో తరచూ నలతపడే తన శిష్యుడు తిమోతికి ప్రార్థన చేసుకో అని ఊరుకోకుండా, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా రాశాడు. దీని మీద ఇంతకంటే చర్చ అనవసరం.

మరి పక్కనున్నవాళ్ళ మాటేమిటి? పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి స్నేహితులు వచ్చి మొదటి ఏడు రోజులూ నేల మీద అతని పక్కన నోరెత్తకుండా కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక, నీలో ఏదో పాపముంది, అందుకే ఇదంతా అని అధ్యాయాలకు అధ్యాయాలు వాదించారు. యోబు మాత్రం దేవుడితో గట్టిగానే పోట్లాడాడు. ఆఖరికి దేవుడు ఎవరి మీద కోప్పడ్డాడు? తనను వెనకేసుకొచ్చిన ఆ స్నేహితుల మీద. నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గురించి సరిగ్గా పలకలేదు అన్నాడు. ఇంకొకరి ఆసుపత్రి మంచం పక్కన నిలబడి ‘మీ ప్రార్థనా జీవితం ఎలా ఉంది?’ అని ఆరా తీసేముందు యోబు 42వ అధ్యాయం ఒకసారి చదువుకోవాలి.

నాకు తెలిసిన ఒక అక్క ఉంది. కొడుకు పోయాక కొన్నాళ్ళకు మళ్ళీ ఆరాధనకి రావడం మొదలుపెట్టింది. పాటలప్పుడు లేచి నిలబడేది గానీ పెదవి కదిపేది కాదు. పాటల పుస్తకం చేతిలో తెరిచే ఉండేది, పేజీ తిప్పేది కాదు. దేవుడు తనకేం చేశాడో అందరి ముందు సాక్ష్యం చెప్పమని ఎవరో అడిగితే, ‘నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదమ్మా. ఇప్పుడు నాకు నమ్మకం ఉందో లేదో కూడా తెలీదు. మీరు పాడుతుంటే వినడానికి వస్తున్నా. కొన్నాళ్ళు మీ నమ్మకం మీదే నిలబడతా’ అంది.

కొందరికి అది బలహీనతగా అనిపించింది. నాకు మార్కు సువార్త 2వ అధ్యాయం గుర్తొచ్చింది. పక్షవాయువు వచ్చిన మనిషిని నలుగురు మోసుకొచ్చారు. గుంపులో దారి దొరక్క ఇంటి కప్పు విప్పి, మంచంతో సహా కిందికి దించారు. యేసు ‘వారి విశ్వాసము చూచి’ మాట్లాడాడని అక్కడ రాసి ఉంది. మంచం మీదున్నవాడు ఒక్క మాటైనా అన్నట్టు లేదు. అతని నమ్మకం ఎంతో ఎవరూ కొలవలేదు. మోసేవాళ్ళ నమ్మకం సరిపోయింది. సంఘం అన్నది ఇందుకే ఉంది. ఈరోజు మీ వంతు మోయడం కావచ్చు, మంచం మీద పడుకోవడం కావచ్చు. పడుకోవాల్సి వస్తే సిగ్గుపడొద్దు. అదే సువార్తలో 9వ అధ్యాయంలో జబ్బు పిల్లాడి తండ్రి, నమ్ముతున్నాను, నా అపనమ్మకం విషయంలో సహాయం చేయమని ఒకే గుక్కలో అరిచాడు. సగం నమ్మకం, సగం అనుమానం. యేసు ఆ పిల్లాణ్ణి బాగుచేశాడు.

అందరికీ అలా బాగవుతుందా అంటే, కాదు. ఇక్కడ మెత్తగా దాటేసి వెళ్ళడం నాకిష్టం లేదు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో విశ్వాసం ద్వారా కొందరు కత్తిదెబ్బ తప్పించుకున్నారని ఉంటుంది. మూడు వచనాలు కిందికి వస్తే ఇంకొందరు కత్తితోనే చంపబడ్డారని ఉంటుంది. రెండు రకాలవాళ్ళూ విశ్వాసుల జాబితాలోనే ఉన్నారు. దానియేలు గ్రంథంలో, రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కనన్నందుకు అగ్నిగుండం ముందు నిలబడ్డ ముగ్గురు యువకులు మా దేవుడు మమ్మల్ని రక్షించగలడు అన్నారు, ఆ వెంటనే ‘ఒకవేళ ఆయన రక్షింపకపోయినను’ అని కూడా అన్నారు. మనం మొదటి సగాన్ని గోడ మీద అందంగా రాయించుకుంటాం, రెండో సగాన్ని వదిలేస్తాం. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. అది తొలగలేదు, ‘నా కృప నీకు చాలును’ అన్న జవాబొచ్చింది. మదర్ థెరిసా 1997లో చనిపోయారు. పదేళ్ళకు ఆమె రాసుకున్న ఉత్తరాలు బయటికొస్తే, దశాబ్దాల పాటు ఆమెకు ప్రార్థనలో దేవుడి సన్నిధి అనుభవమే కాలేదని తెలిసి లోకం ఆశ్చర్యపోయింది. అన్నేళ్ళూ ప్రార్థన మానలేదు, పని మానలేదు.

సిలువ మీద యేసు ‘నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి’ అని కేకవేశాడు. అది 22వ కీర్తన మొదటి మాట. అంత నొప్పిలో ఆయన నోటికొచ్చింది ఒక మొర. మన ప్రార్థనలో ‘ఎందుకు’ అన్న ప్రశ్న వస్తే అది ఆయనకి కొత్త కాదు. ఆ ప్రశ్న ఆయనే అడిగాడు.

కాబట్టి ఇంటికెళ్ళాక ఒక పని చేసి చూడండి. ప్రార్థనలో అలవాటైన పెద్ద పెద్ద మాటలు కాసేపు పక్కన పెట్టండి. అప్పు గురించైతే అప్పని, మొగుడూపెళ్ళాల గొడవైతే గొడవని, ఫలానా మనిషి మీద పగ ఉంటే పగేనని, ఆయన మీదే కోపమొస్తే అది కూడా పేరుపెట్టి చెప్పండి. మాటలు రాకపోతే 13వ కీర్తన పైకి చదవండి, ఆరు వచనాలే, ‘ఎంతకాలం’ అనే మొదలవుతుంది. అందులో చివరికి స్తుతి ఉంది. మీకు ఇంకా అక్కడిదాకా రాకపోతే నాలుగో వచనం దగ్గరే ఆపండి, మిగతాది ఇంకోరోజు చదవొచ్చు.

ఇప్పుడు చివరి పాట పాడుకుందాం. పాడలేనివాళ్ళు కూర్చునే ఉండొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ప్రార్థన అయ్యాక ఎవరైనా మాట్లాడాలనుకుంటే నేను ఇక్కడే ముందు వరుసలో ఉంటాను. సాక్ష్యం మాత్రం అడగను.